టికెట్ లేని కచేరీ

రాక్ కచేరీ అంటే చెవులు చిల్లులు పడే స్పీకర్లు, రంగురంగుల దీపాలు, వేలమంది కేకలు. విశాఖపట్నం నుంచి 115 కిలోమీటర్లు ఘాట్ రోడ్డెక్కితే అవేవీ లేకుండానే రాత్రంతా ఒళ్లు మరిపించే కచేరీ ఒకటుంది. పేరు థింసా. చైత్రమాసంలో ఊరంతా కలిసి తమ కోసం తాము ఆడుకునే ఆ ఆట, ఇప్పుడు పర్యాటకుల కోసం ఏడాది పొడవునా ఆడే ప్రదర్శన అయింది. ఈ ప్రయాణంలో అరకు లోయ ఏం సంపాదించుకుంది? ఏం పోగొట్టుకుంటోంది?

ముందుగా ఓ చిన్న ప్రశ్న. పాట ఫోనులోనే వినగలిగినప్పుడు, అదీ కాణీ ఖర్చు లేకుండా, జనం కచేరీలకు ఎందుకు వెళ్తారు? వేలకు వేలు పోసి టికెట్ కొని, మూడు గంటలు ముందే వెళ్లి వరసలో నిలబడి, తోపులాటలో కాళ్లు తొక్కించుకుని, అర్ధరాత్రి ఆటో దొరక్క అవస్థపడి... ఇదంతా ఎందుకు?

వెళ్లొచ్చిన కుర్రాళ్లను అడిగి చూడండి. పాట గురించి చెప్పేది తక్కువ. 'డ్రమ్ము మోగుతుంటే గుండెల్లో మోగినట్టుంది', 'పక్కనున్నవాడు ఎవడో తెలీదు, భుజం మీద చెయ్యేసి ఎగిరాం' అంటారు. అంటే వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నది సంగీతాన్ని ఒక్కదాన్నే కాదు. నలుగురిలో కలిసిపోయే కాసిన్ని క్షణాలను కూడా. నగరాల్లో అది అరుదైన సరుకు. అందుకే అంత ధర.

తూర్పు కనుమల్లోని ఊళ్లలో అదే సరుకు ఊరందరి ఉమ్మడి ఆస్తి. పోర్జా, భగత, వాల్మీకి, ఖోండు, కోటియా... ఎన్ని తెగలున్నా అందరి కాళ్లకూ తెలిసిన ఆట థింసా. పండుగొచ్చినా థింసానే, పెళ్లయినా థింసానే. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు గీత మ్యాపులో ఉంది గానీ ఆ అడుగుల్లో లేదు. అటు కొరాపుట్‌లోనూ ఇదే ఆట, ఇదే దేశియా మాట. ఆదివాసీ ఒడియా అని కూడా పిలిచే ఆ భాషలోనే పాటలు సాగుతాయి. ఆదిలాబాద్ గోండుల్లోనూ ఇదే పేరుతో ఆట ఉంది.

డప్పు కాచుకుంటేనే...

ఏ రాక్ బృందానికైనా వేదికెక్కే ముందు 'సౌండ్ చెక్' తప్పదు. గిటారు తీగ బిగించుకోవాలి, మైకు సరిచూసుకోవాలి. థింసాకీ ఆ తతంగం ఉంది. మైదానంలో ఓ పక్కన మంట వేసి డప్పుల్ని కాచుకుంటారు. వేడికి తోలు బిగిసి, వేలితో తడితే టంగుమనాలి. కొండల్లో రాత్రి చలికీ మంచుకీ తోలు మెత్తబడుతుంది. అందుకని ఆట మధ్యలో మళ్లీ మళ్లీ మంట దగ్గరికి వెళ్లి రావాల్సిందే.

డప్పు, తుడుము, కిరిడి... ఇవి తాళం పట్టే వాద్యాలు. రెండేసి జతగా ఊదే జోడు కొమ్ములు ఊరి పొలిమేర దాటి కబురు పంపిస్తాయి. వీటన్నిటి పైన తీగలా సాగేది మోరి. సన్నాయి కుటుంబానికి చెందిన ఊదుడు వాద్యం. రాక్ బృందంలో లీడ్ గిటారు ఎలాగో థింసాలో మోరి అలాగ. ఆట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు జోరందుకోవాలో, అడుగు ఎక్కడ మారాలో చాలావరకు మోరి ఊదేవాడి చేతిలోనే ఉంటుంది. ఆడేవాళ్లు అతని ముఖం చూడరు. వినిపించే వరసను బట్టి కాళ్లు వాటంతటవే మారిపోతాయి.

ఇవన్నీ ఆరుబయట మోగడానికి పుట్టిన వాద్యాలు. ఒక కొండవాలు మీద మోగితే ఎదురు కొండ మీది ఊరికి వినపడాలన్నది లెక్క. మధ్యలో కరెంటుతో పనిలేదు. అదే వాద్యాల్ని స్టేజీ మీద మైకు ముందు పెడితే ఏమవుతుంది? మోరి చెవిలో గుచ్చుకుంటుంది. డప్పు మోత గోలగోలగా కలిసిపోతుంది. దాంతో 'కాస్త మెల్లగా వాయించండి' అంటారు సౌండ్ వాళ్లు. మెల్లగా వాయించే థింసా ఉప్పులేని అంబలే!

ఎనిమిది రకాల అడుగు

చూడ్డానికి థింసా అంతా ఒక్కలాగే అనిపిస్తుంది. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి మరొకరు చేతులు పెనవేసుకుని, గొలుసులా కదులుతూ, కాలి అందెలు ఒక్కసారిగా ఘల్లుమనిపిస్తూ వంగి లేస్తుంటారు. నిజానికి అందులో ఎనిమిది రకాలున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో సందర్భం, ఒక్కో నడక.

'బోడ థింసా' గ్రామదేవత ఆట. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు వరస కడతారు. కుడివైపు మొదట నిలబడినవాడి చేతిలో నెమలి ఈకల కుంచె. అతనే నాయకుడు. అతను అడుగేస్తే వరసంతా పాములా మెలికలు తిరుగుతూ గుండ్రంగా చుట్టుకొస్తుంది. 'హరి', 'హుయ్' అంటూ కేకలు. 'గుండేరి థింసా'లో మగవాడు పాట పాడి ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు. దీన్నే ఉస్కు థింసా అనీ అంటారు. 'గొడ్డిబేట థింసా' ఊయల ఊగినట్టుంటుంది. వంగుతూ లేస్తూ పాతిక అడుగులు ముందుకు, అలాగే వెనక్కి.

'పొతర్‌తోల థింసా' అడవిలో ఆకులు కోసే పనికి ఆటరూపం. ముందు వరస భుజాల మీద వెనక వరస చేతులు వేసి, తలలు అటూ ఇటూ తిప్పుతూ నడుస్తారు. 'భాగ్ థింసా' పులి నుంచి తప్పించుకునే ఒడుపు. సగంమంది చేతులు పట్టుకుని వలయం కడితే, మిగతావాళ్లు చటుక్కున లోపలికి దూరి పాముచుట్టలా చుట్టుకుంటారు. 'కుండ థింసా'లో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటూ ఊగుతారు. రాక్ కచేరీల్లో కుర్రాళ్లు స్టేజీ ముందు ఒకరినొకరు ఢీకొంటూ ఎగురుతారే, ఆ సరదా ఇక్కడ ఏనాడో ఉంది. కాకపోతే ఇక్కడ ఎవరి పళ్లూ రాలవు, తోపు కూడా తాళంలోనే.

'నాటికారి థింసా' ఒక్కరే ఆడేది. దీపావళికి, ముఖ్యంగా వాల్మీకి తెగవారు ఆడతారు. ఇక 'బాయ థింసా'. ఊరి మంత్రగాడికి దేవత పూనినప్పుడు ఊరంతా తలలు వంచి, చేతులెత్తి అతనిలాగే ఊగుతారు. అతనికి తెలివి వచ్చేదాకా ఆట ఆగదు. గడియారంతో దానికి నిమిత్తం లేదు.

ఈ ఎనిమిదింటినీ ఓసారి మళ్లీ చూడండి. దేవత, ప్రేమ, పని, భయం, సరదా, పూనకం. ఒక సమాజపు బతుకంతా అందులో ఉంది. పర్యాటకుల ముందు ఆడే ఇరవై నిమిషాల ప్రదర్శనలో వీటిలో ఎన్ని చూపించడానికి వీలవుతుంది?

చైత్రం వస్తే రోడ్డుకే గేటు

థింసాను దాని సొంత ఇంట్లో చూడాలంటే చైత్రంలో వెళ్లాలి. అప్పుడే మన్యంలో ఇటుకల పండుగ. కొరాపుట్ వైపు చైత్ పొరబ్ అంటారు. విత్తనాలు నేలలో పడకముందు వచ్చే పండుగ ఇది. ఇంటింటి నుంచీ తెచ్చిన విత్తనాలను దేవత ముందు పెట్టి పూజచేసి, ఆ తర్వాతే పొలానికి తీసుకెళ్తారు. పాతకాలంలో మగవాళ్లంతా కట్టకట్టుకుని రోజుల తరబడి వేటకు వెళ్లేవారు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన వాళ్లకు ఆడవాళ్ల చేతిలో పేడనీళ్ల సన్మానం జరిగేది! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు అనుమతి లేదు. పండుగ మాత్రం పండుగే.

ఆ రోజుల్లో అరకు, పాడేరు దారుల్లో కారులో వెళ్తే మీ బండి ఆగిపోతుంది. రోడ్డుకు అడ్డంగా కర్ర. దాని వెనక ఆడవాళ్లు, పిల్లలు. పాట పాడి, రెండడుగులు ఆడి, చెయ్యి చాపుతారు. దాన్ని 'పజోర్' అంటారు. అలా వచ్చిన డబ్బు పండుగ ఖర్చుకు. కొందరు పర్యాటకులు దీన్ని దౌర్జన్యం అనుకుని చిరాకుపడతారు. టోల్‌గేటులో కిక్కురుమనకుండా కట్టే మనం, పాట విని పదో పాతికో ఇవ్వడానికి ఎందుకు గింజుకోవాలి?

అసలు విశేషం మరొకటి ఉంది. పండుగ రోజుల్లో ఒక ఊరివాళ్లు మరో ఊరికి ఆటకు వెళ్తారు. వెళ్లినవాళ్లకు ఆ ఊరు భోజనం పెడుతుంది. కలిసి ఆడటం, కలిసి తినడం. దీనికి 'సంకిడి కేల్‌బార్' అని పేరు. ఇప్పటి సంగీతోత్సవాల నిర్వాహకులు కోట్లు ఖర్చుపెట్టి సృష్టించాలని చూసేది సరిగ్గా ఇదే వాతావరణాన్ని. అక్కడ అతిథి చేతికి రిస్టుబ్యాండు కడతారు. ఇక్కడ అతిథి చేతిని గొలుసులో కలుపుకుంటారు.

అడుగు కలిస్తే నొప్పి తగ్గుతుంది

రాత్రంతా ఆడినా అలసట తెలీదంటారు థింసా ఆడేవాళ్లు. అతిశయోక్తి అనుకోనక్కర్లేదు. 2015లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రెజిల్‌లోని మరాజో దీవిలో కౌమార వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరి చేత ఒకే అడుగు, ఒకే సమయానికి పడేలా డాన్సు చేయించారు. మరికొందరి చేత ఎవరికి తోచినట్టు వాళ్లను ఆడించారు. ఆట ముందూ, తర్వాతా వాళ్లు ఎంత నొప్పిని ఓర్చుకోగలరో కొలిచారు. కలిసి అడుగేసిన పిల్లల్లో నొప్పిని తట్టుకునే శక్తి పెరిగింది. తోటివాళ్లు మనవాళ్లే అన్న భావనా పెరిగింది.

మన ఒంట్లోనే తయారయ్యే ఎండార్ఫిన్ల చలవ అది అంటారు శాస్త్రవేత్తలు. రోజంతా కొండవాలు మీద నాగలి పట్టినవాళ్లూ, కట్టెల మోపు మోసినవాళ్లూ సాయంత్రం మళ్లీ ఆటకు ఎందుకు లేస్తారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. చేతులు పెనవేసుకుని ఆడే ఆటలో వరస తప్పినవాడిని పక్కవాడి చెయ్యే మళ్లీ వరసలోకి లాగేస్తుంది. తప్పటడుగు వేసినందుకు ఎవరూ నవ్వరు. కొత్తవాళ్లకు అంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఊరి నుంచి స్టేజీకి

థింసా స్టేజీ ఎక్కి చాలా ఏళ్లయింది. విశాఖ ఉత్సవ్ అయినా, అరకు ఉత్సవ్ అయినా, ఎవరైనా ప్రముఖులు వచ్చినా స్వాగతం చెప్పేది థింసా బృందమే. 2017 నవంబరులో అరకులో వేడిగాలి బెలూన్ల పండుగ జరిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖ నుంచి అరకుకు అద్దాల పెట్టె రైలు మొదలైంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2025 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా మూడ్రోజులు 'అరకు చలి ఉత్సవ్' జరిపారు. ఇలా అరకు పేరు మోగేకొద్దీ థింసాకు గిరాకీ పెరిగింది. చలికాలంలో రిసార్టుల్లో చలిమంట చుట్టూ థింసా ఆడని వారాంతం ఉండదు.

దీన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు. వానాకాలం పంట అయిపోయాక చేతిలో పనిలేని రోజుల్లో నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చే ఆట అది. ముఖ్యంగా ఆడవాళ్ల చేతికి వచ్చే డబ్బు. తమ ఆటను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారన్న గౌరవం కూడా తక్కువదేమీ కాదు. ఒకప్పుడు మన సినిమాల్లో కొండజాతి ఆటంటే ఆకులు కట్టుకుని వెర్రికేకలు వేయడమే. ఆ వెక్కిరింతతో పోలిస్తే ఇది వెయ్యిరెట్లు నయం.

చిక్కు మరోచోట ఉంది. స్టేజీకి ఒక ముఖం ఉంటుంది, థింసాకు ఉండదు. థింసా వలయం. ఆడేవాళ్లంతా లోపలికి, ఒకరి వైపు ఒకరు చూస్తూ ఆడతారు. స్టేజీ మీద ప్రేక్షకుల వైపు తిరగాలి కాబట్టి వలయం విప్పి గీతలా నిలబెడతారు. 'పావుగంటే టైము' అంటారు కాబట్టి నెమ్మదిగా మొదలై జోరందుకునే ఆటను జోరు దగ్గరే మొదలుపెడతారు. ఫొటోకు బాగుండాలని అందరికీ ఒకే రంగు చీర. ఊళ్లో ఆరేళ్ల పాప నుంచి అరవై ఏళ్ల అవ్వ దాకా ఆడే ఆట, స్టేజీ మీద ఒకే ఈడు అమ్మాయిల ఆట అవుతుంది. కూలి మాట కూడా చెప్పుకోవాలి. పిలిపించిన సంస్థ ఇచ్చేదెంత, మధ్యవర్తి చేతిలో మిగిలేదెంత, ఇరవైమంది మధ్య పంచితే ఒక్కొక్కరికి దక్కేదెంత? ఆడించే ప్రతి చోటా ఈ ప్రశ్న అడగాల్సిందే.

వుడ్‌స్టాక్ నుంచి జీరో దాకా

ఊళ్లో సంగీతోత్సవం పెడితే ఊరికేం మిగులుతుందన్న ప్రశ్న అరకుకే కొత్త కాదు. 1969 ఆగస్టులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ ఉత్సవం జరిగింది. టికెట్లు కొన్నవాళ్లు 1,86,000 మంది. వచ్చినవాళ్లు 4 లక్షలకు పైనే. కంచె కట్టడం పూర్తికాకముందే జనం వచ్చేయడంతో చివరికి టికెట్ లేని కచేరీ అని ప్రకటించక తప్పలేదు. రాక్ చరిత్రలో ఎప్పటికీ చెప్పుకునే ఆ మహా కచేరీ, తనకు తెలియకుండానే థింసా పద్ధతికి వచ్చేసిందన్నమాట!

ఆ మరుసటి ఏడాది, 1970లో, ఇంగ్లండ్‌లో మైకేల్ ఈవిస్ అనే పాడిరైతు తన పొలంలో గ్లాస్టన్‌బరీ ఉత్సవం మొదలుపెట్టారు. ప్రవేశం ఒక్క పౌను. దాంతోపాటు ఆవుపాలు ఉచితం! ఇప్పుడది ప్రపంచంలోని పెద్ద సంగీతోత్సవాల్లో ఒకటి. అయినా ఒక నియమం మానలేదు. కొన్నేళ్లకోసారి ఉత్సవం ఆపేసి నేలకు విశ్రాంతినిస్తారు. 2018లో అలాగే ఆపారు, 2026నూ అలాగే ఖాళీగా వదిలారు. లక్షలమంది తొక్కిన గడ్డి మళ్లీ మొలవాలి కదా. తరతరాలుగా పోడు కొట్టిన నేలను కొన్నేళ్లు బీడు వదిలి తిరిగి అడవిగా ఎదగనిచ్చిన మన కొండరైతుకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దేశంలోనూ పోలికలున్నాయి. నాగాలాండ్‌లో 2000 నుంచి డిసెంబరు మొదటి పదిరోజులు జరిగే హార్న్‌బిల్ ఉత్సవంలో నాగా తెగల పాటలూ, రాక్ బృందాల హోరూ పక్కపక్కనే వినిపిస్తాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012 నుంచి ఏటా సంగీతోత్సవం జరుగుతోంది. అపతానీ తెగ వరిపొలాల మధ్య, వెదురు వేదికల మీద. జీరో కూడా అరకులాంటి లోయే. ప్రపంచం నలుమూలల బృందాలు అక్కడికి వెళ్తాయి. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు ఆ ప్రాంతం మనిషే. తేడా అక్కడే ఉంది. ఉత్సవం ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న మాటలో స్థానికులకు వాటా ఉంటే ఆటకు విలువ పెరుగుతుంది. లేకపోతే ఆట అలంకారమవుతుంది.

కాళ్ల కింది నేల

అరకులో ఈ మాట మరీ ముఖ్యం. ఎందుకంటే ఇది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. 1/70 చట్టంగా అందరికీ తెలిసిన 1970 నాటి నిబంధన ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ 'సమతా' తీర్పు పుట్టింది కూడా ఈ కొండల్లోనే. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు తన సంస్కృతినీ, వనరులనూ కాపాడుకునే అధికారం ఇచ్చింది.

2025లో చలి ఉత్సవ్ సందడి ముగిసి పట్టుమని పదిరోజులు కాకముందే, ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. పర్యాటకం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట వినపడటమే కారణం. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఆదివాసీల ఆట అందరికీ ముద్దే. ఆ ఆట ఆడే కాళ్ల కింది నేల మాటకొచ్చేసరికి లెక్కలు మారిపోతాయి. ఊళ్లో థింసా ఆడటానికి ఒక మైదానం కావాలి. పండుగకు విత్తనం కావాలి. విత్తనానికి పొలం కావాలి. పొలం పోయాక మిగిలే థింసా రిసార్టు థింసా ఒక్కటే.

మోరి ఎవరి చేతికి?

పోగొట్టుకునేది ఎప్పుడూ పెద్ద చప్పుడుతో పోదు. థింసా ఆడేవాళ్లకు ఇప్పుడు కొదవలేదు. వాయించేవాళ్ల సంగతే ఆలోచించాలి. అడుగు చూసి నేర్చుకోవచ్చు. మోరి అలా రాదు. ఊపిరి నిలపాలి, వేళ్లు తిరగాలి, ఎనిమిది రకాల ఆటకూ వరసలు గుర్తుండాలి. పెద్దవాళ్ల పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే గానీ పట్టుబడదు. ఆ కూర్చునే ఈడు పిల్లలు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉంటున్నారు. చదువు కావాల్సిందే. అయితే ఇటుకల పండుగ వచ్చే చైత్రమూ, పరీక్షల కాలమూ ఒక్కటే. ఊరంతా ఆడే రోజుల్లో పిల్లవాడు హాస్టల్లో పుస్తకం ముందు ఉంటాడు. సెలవులిచ్చి ఇంటికొచ్చేసరికి పండుగ వెళ్లిపోయి ఉంటుంది.

మరోపక్క పెళ్లిళ్లలో డీజే. పెద్ద స్పీకర్లు తెచ్చి పెడితే వాద్యగాళ్లను పిలిచి, భోజనాలు పెట్టి, బట్టలు పెట్టే శ్రమ తప్పుతుందన్న లెక్క. దేశియా పాటలకు దరువులు కలిపి ఫోన్లలో పంచుకుంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లను చూసి ముఖం చిట్లించడం తేలిక. పాట వాళ్ల నోట బతికే ఉంది కదా అన్నది ఒక కోణం. డీజేకి ఆడేవాళ్ల అలుపు తెలియదన్నది రెండో కోణం. మోరి ఊదేవాడు వరసలోని ముసలమ్మ అడుగు తడబడటం చూసి వేగం తగ్గిస్తాడు. స్పీకరు తగ్గించదు.

ఇలాంటి విద్యలకు ఒక మనిషి ఎంత అండగా నిలవగలడో తెలంగాణలో చూశాం. ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీ ఆటను దిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లారు. ఊళ్లో కుర్రాళ్లకు నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో, దీపావళి దండారి ముంగిట్లో, కన్నుమూశారు. మణుగూరు ప్రాంతంలో సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొంది, 2024లోనే వెళ్లిపోయారు. ఒక్కో పెద్దమనిషి పోయినప్పుడు ఎన్ని పాటలు పోతాయో లెక్కగట్టే కొలమానం లేదు. వాళ్లు ఉండగానే పక్కన పిల్లల్ని కూర్చోబెట్టడమే దారి. ఉత్సవాల ఖర్చులో చిన్న వాటా చాలు. ఆశ్రమ పాఠశాలకు వారానికి రెండు సాయంత్రాలు మోరి గురువును పిలవడానికీ, పండుగకు పిల్లల్ని రెండ్రోజులు ఇంటికి పంపడానికీ పెద్ద పథకాలు అక్కర్లేదు.

మీరు వెళ్లేటట్టయితే...

* ఉదయంపూట విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు ఎక్కండి. సొరంగాలు దాటుతూ కొండెక్కే ఈ దారే సగం కచేరీ. బస్సులో, కారులో అయితే శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు.

* స్టేజీ మీది థింసాకు చలికాలం అనువు. ఊళ్లోని థింసా చూడాలంటే మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా ఇటుకల పండుగ రోజులు. ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు. వెళ్లేముందు తెలిసినవారి ద్వారా ఊరిపెద్దను అడగండి. పిలిస్తేనే వెళ్లండి. మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర పెద్ద సందడి.

* రాత్రి చలి. ఉన్ని బట్టలు తప్పనిసరి. చెప్పులు ఎక్కడ విడవాలో, దేవత ముందు ఎంతదూరంలో నిలబడాలో ఊరివాళ్లను చూసి తెలుసుకోండి.

* ఫొటోకు ముందు అడగండి. బాయ థింసా, దేవత పూజ జరుగుతున్నప్పుడు ఫోను జేబులోనే ఉంచండి. అది ప్రదర్శన కాదు, ప్రార్థన.

* బృందాన్ని పిలిపించుకుంటే డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. ఆడినవాళ్లతో పాటు వాయించినవాళ్ల వాటా ఎంతో అడిగి మరీ ఇవ్వండి. మద్యం సీసాలు కానుకగా ఇవ్వడం మర్యాద కాదు.

* సొంత స్పీకర్లు వెంట తీసుకెళ్లకండి. ఆ లోయకు తన సంగీతం తనకుంది.

* వరసలోకి రమ్మని ఎవరైనా చెయ్యి చాపితే మొహమాటపడకండి. ఎడమచెయ్యి పక్కామె వీపు మీదుగా, కుడిచెయ్యి ఇటుపక్క మనిషి వీపు మీదుగా. కళ్లు నేల మీద కాదు, చెవి మోరి మీద. మొదటి రెండు చుట్లూ కాలు తప్పుతుంది. మూడో చుట్టుకు పక్కవాళ్లే దారిలో పెడతారు.